గోడకు మూడడుగుల దూరం

మేస్త్రీ భార్యకు పిత్తాశయంలో రాళ్ళు తీసి రెండు రోజులైంది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి, జ్వరం లేదు, డాక్టరు చూసి భేషుగ్గా ఉందన్నాడు. ఆవిడకు మాత్రం కంటి మీద కునుకు లేదు.

"ఎవరో దిండుతో తల మీద మొత్తుతున్నట్టుందండీ. మొత్తి ఆగుతారు, మళ్ళీ మొత్తుతారు."

ఆపరేషన్ తర్వాత అలాగే ఉంటుందని నర్సులు మాత్ర ఇచ్చి వెళ్ళారు.

మేస్త్రీ నలభై ఏళ్ళుగా మోటార్లు బాగుచేస్తున్న మనిషి. మాటలు తక్కువ. భార్యకు ధైర్యం చెప్పడం చేతగాక, సరిగ్గానే ఉన్న దుప్పటి అంచును మళ్ళీ మళ్ళీ సర్దుతూ కూర్చున్నాడు. చివరికి ఏమనిపించిందో వంగి, ఆవిడ దిండు మీద తన చెవి ఆనించాడు. వూం అనే మోత ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. గడియారం చూసి లెక్కపెట్టాడు. పది సెకన్లకు పదిహేను సార్లు.

"నీ తలలో ఏం లేదే," అన్నాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట అంటూనే ఉన్నారుగా," అని నవ్వబోయి, కుట్లు లాగడంతో ఆవిడ పొట్ట పట్టుకుంది.

"అది కాదు. ఆ మోత డాబా మీద నుంచి వస్తోంది. పైన రెండు మోటార్లు ఉండుంటాయి. ఇప్పుడే వస్తా."

ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌ని బతిమాలి డాబా ఎక్కాడు. అనుకున్నట్టే రెండు పెద్ద ఫ్యాన్లు, పక్కపక్కనే తిరుగుతున్నాయి. ఒకదాని బెల్టు వదులై, అది రవ్వంత నెమ్మదించింది.

"చూడు తమ్ముడూ, ఇద్దరు కలిసి నడుస్తుంటే ఒకడి అడుగు కొంచెం వెనకబడిందనుకో. కాసేపు అడుగులు కలుస్తాయి, కాసేపు తప్పుతాయి. కలిసినప్పుడు మోత రెట్టింపవుతుంది, తప్పినప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి. కింద మా ఆవిడ తల మీద మొత్తేది అదే."

ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ ఆపి బెల్టు బిగించి మళ్ళీ వేశాడు. రెండూ ఒకే గొంతుతో పలికాయి.

కిందికి రాగానే భార్య అంది, "మొత్తడం ఆగిందండీ. మోత మాత్రం అలాగే ఉంది."

మేస్త్రీ తల ఓ పక్కకు వాల్చి వార్డంతా నడవడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేస్తాడు, ఆగుతాడు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. పక్క మంచం మీది ముసలమ్మ కాసేపు చూసి, "అమ్మాయ్, మీ ఆయనక్కూడా ఓ మంచం చెప్పమ్మా," అంది.

మోత ఎదుటి గోడలోని జాలీ గుండా లోపలికి వస్తోంది. ఇవతలి గోడ దగ్గర చెవులు దిమ్మెక్కుతున్నాయి. గోడకు మూడడుగులు ఇవతలికి వస్తే దాదాపు ఏమీ లేదు. ఇంకో మూడడుగులు వేస్తే మళ్ళీ అదే హోరు. మంచాల తలలన్నీ సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉన్నాయి.

పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి మంచం జరపమన్నాడు.

"వరస తప్పితే పెద్ద డాక్టరు నన్ను నిలబెట్టి కడిగేస్తారు. కుదరదు బాబాయ్ గారూ."

మేస్త్రీ బల్ల మీది పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక పక్కన వేలితో తడుతూ ఉన్నాడు. అలలు అవతలి అంచుకు కొట్టుకుని వెనక్కి తిరిగాయి. "వెళ్ళే అలా, తిరిగొచ్చే అలా అంచు దగ్గర కలిసి పైకి లేస్తున్నాయి చూడండి. కొంచెం ఇవతల ఒకదాని మిట్ట ఇంకోదాని పల్లంలో పడుతోంది. అక్కడ నీళ్ళు కదలడం లేదు."

"నీళ్ళు వేరు, మోత వేరు కదండీ."

"గాలి కూడా ఇలాగే సిస్టర్. నొక్కుకుంటుంది, సడలుతుంది. గోడ దగ్గర రెండు నొక్కుళ్ళూ ఒకేసారి వస్తాయి. మూడడుగుల దూరంలో ఒకటి నొక్కేసరికి ఇంకోటి సడలుతుంది. లెక్క సరి." ఇంత పొడుగు మాట్లాడినందుకు తనకే సిగ్గేసింది. "పోనీ మీరే ఓసారి తల పెట్టి చూడండి."

మూలన ఖాళీ మంచం ఉంది. సిస్టర్ అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, దాని మీద పడుకుంది. మేస్త్రీ ఆ మంచాన్ని జానెడు జానెడుగా ఇవతలికి లాగాడు.

"ఆగండి," అందావిడ. "ఇక్కడే. ఉంచండి."

పొద్దుటి నుంచి కాళ్ళ మీద నిలబడ్డ మనిషి. చూడాల్సినదాని కంటే కొంచెం ఎక్కువసేపే కళ్ళు మూసుకుంది. ముసలమ్మ మెడ చాచి చూస్తోంది.

లేచి కొంగు సర్దుకుని, "డాక్టరు గారితో నేను మాట్లాడతాను. లాగండి," అంది.

"నాది కూడా నాయనా," అంది ముసలమ్మ. సాయంత్రానికి వరసంతా ఇవతలికి జరిగింది.

మేస్త్రీ భార్య నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా. దారికి అడ్డం కాకుండా అతను స్టూలు తీసుకెళ్ళి, మంచానికీ గోడకూ మధ్య సందులో వేసుకున్నాడు. వార్డులో మోత అంతా అక్కడే కుప్పపడి ఉంది.

కాసేపటికి ఆవిడ కదిలి, చెయ్యి చాచి వెతికింది. "ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నీ తల వెనకాల."

"అక్కడ హోరు కదా?"

"నాకు అలవాటేలే."

"అలవాటూ లేదు, ఏం లేదు. ఇలా రండి."

అతను స్టూలు ముందుకు తెచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ తల కొంచెం జరిపి, దిండు మీద చోటు చూపించింది. నలుగురిలో ఏమిటిదని అతను జంకాడు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది, చెయ్యి మాత్రం తియ్యలేదు. మెల్లగా వంగి, ఆ కాస్త చోట్లో తల పెట్టాడు. ఆవిడ ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

జ్వరం చూడటానికి వచ్చిన పెద్ద సిస్టర్ ఇద్దరినీ చూసి, థర్మామీటరు కోటు జేబులో పెట్టుకుని, ముసలమ్మ మంచం వైపు వెళ్ళింది.