కూర్మమ్మ పలకని పేరు

అదేం చదువో గానీ, భారతి చదివిన చదువు పేరు చెబితే వాళ్ళ ఊరు భావనపాడులో ఒక్కరికీ నోరు తిరగదు. శ్రీకాకుళంలో డిగ్రీ, హైదరాబాదులో స్పానిష్, అక్కణ్ణించి స్కాలర్‌షిప్పు మీద ఏకంగా బార్సిలోనా. అక్కడి జనం మాట్లాడే కాటలాన్ భాషలో, అదీ ఏడు వందల ఏళ్ళ కిందటి పాటలూ కథలూ చదివి అర్థం చెప్పడం ఆమె ఉద్యోగం. చేపలమ్మి పెంచిన తల్లి కూర్మమ్మ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది.

"సచ్చిపోయినోల్ల మాటలు. నా గుమ్మంలోన పలక్కు. ఆల్లొచ్చి మీ అయ్యని ఆల్లలో కలిపీసుకుంటారు."

అయ్య సంగతి ఊరందరికీ తెలుసు. భారతి ఆరో తరగతిలో ఉండగా సముద్రం మీద చేపల వేటకెళ్ళాడు, రాలేదు. దినం చెయ్యమన్నవాళ్ళని కూర్మమ్మ శాపనార్థాలు పెట్టి తరిమింది. వేటకెళ్ళిన మగాడి పేరు, తెప్ప ఒడ్డుకి తగిలేదాకా ఇంటి ఆడది పలకకూడదు. మిగతా ఇళ్ళలో సాయంత్రానికి తీరిపోయే నియమం ఈ మనిషికి జన్మంతా పట్టుకుంది. రేషన్ కార్డు దగ్గర మొగుడి పేరడిగినా కూతురి చేతే చెప్పించేది.

తిత్లీ తుపాను వచ్చిన మరుసటి ఏడాది భారతి ఇంటికొచ్చింది. పై నెల బార్సిలోనాలో పెద్ద పెద్ద పండితుల ముందు ప్రసంగం. ఆమెకి పేరు తెచ్చిన పాట గురించే, ఎవరు కట్టారో తెలియని ఒక నావికుడి పెళ్ళాం పాట. లోకమంతా వింది, అమ్మ మాత్రం ఒక్క ముక్క వినలేదు. ఆ దిగులు భారతిని తినేస్తోంది.

ఇసకలో ఇద్దరూ ఎండుచేపలు తిరగేస్తున్నారు.

"అమ్మా, ఆ పాట తెలుగులో చెప్తే తప్పులేదు కదే?"

"తెలుగు సచ్చిపోనేదు కదా. సెప్పు, ఏటో నీ గోల!"

భారతి చెప్పింది. ఒడ్డున ఒకావిడ నిలబడి గాలిని అడుగుతుంది, పక్షుల్ని అడుగుతుంది, వచ్చిన ప్రతి ఓడనీ అడుగుతుంది, నా మనిషిని చూశారా అని. అతని భుజాలు ఎలా ఉంటాయో చెబుతుంది, చొక్కాకి తను వేసిన అతుకు చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు.

"అయ్యో తల్లీ! అక్కడా మనలాటోల్లే ఉన్నారేటే?"

"ఉన్నారమ్మా. మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో వెక్కి వెక్కి ఏడ్చాను."

"మరి కడాకీ పలకనేదా?"

"ఆఖరి చరణంలో పేరు పెట్టి పిలుస్తుంది."

కూర్మమ్మ చేతులు ఆగిపోయాయి. "అయితే వొచ్చీసినాడు."

"పాటలో లేదు. పిలిచింది, అంతే, పాట అయిపోయింది. వచ్చాడనే, ఈ పాట మీద వేసిన పుస్తకంలో నేను రాశాను."

"పాటలోన లేనిది ఎలాగ రాసినావే?"

భారతి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "రావాలని, అమ్మా."

"పిచ్చి గుంట" అని కూర్మమ్మ చీర చెంగుతో కూతురి మొహం తుడిచింది. ఆ చెంగు నిండా చేపల వాసన. సముద్రం వైపు తిరిగింది.

"పాపం, ఎన్నాల్లని నోరు కట్టుకుంటాదే ఆడది" అంది.

మోకాళ్ళ మీద చేతులేసి లేచింది. నీళ్ళు పాదాలకి తగిలేదాకా నడిచి, ఎవరో అవతల ఉన్నట్టు గట్టిగా కేకేసింది.

"ధనరాజూ!"

కొంచెం అవతల వల బాగుచేసుకుంటున్న పక్కింటి అసిరమ్మ, కూర్మమ్మ నోట మొగుడి పేరు విని చేతిలోది వదిలేసి లేచి నిలబడింది. భారతి పరుగెత్తి తల్లిని పట్టుకుంది. అన్నేళ్ళ ఏడుపూ ఏడ్చింది కూర్మమ్మ, కూతురి భుజం తడిసిపోయేదాకా.

ఏడుపు తగ్గాక కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. గుమ్మంలో పీట వేసి కూచోబెట్టింది.

"ఇప్పుడు సదువు. ఆ ఆడదాని మాటల్లోనే సదువు. మీ అయ్య కూడా ఇంటాడు."