జడకి ఒక డబ్బా నీళ్ళు

సోమవారం పొద్దున్నే నీళ్ళ ట్రక్కు దగ్గర, అందరూ వింటుండగా వెండెల్ హాస్కిన్స్ నా మొహం మీదే అనేశాడు.

"నాడీన్, ఆ జుట్టయినా కత్తిరించుకో, లేదంటే నీ నీళ్ళు నువ్వే తెచ్చుకో."

ఒళ్ళు మండిపోయింది నాకు. కాని ఏం చేస్తాం, ఊరు పద్నాలుగు మైళ్ళ దూరం. చలికాలమంతా ఈ అరిజోనా ఎడారిలో తొమ్మిది ఇల్లుబండ్లం గుండ్రంగా ఆపుకుని ఉంటాం. కుళాయి లేదు, బావి లేదు. వెండెల్ వారానికోసారి ట్రక్కు మీద పెద్ద ట్యాంకు నింపుకొస్తాడు, వారమంతా అందరం అందులోంచే పట్టుకుంటాం. నా కుడిభుజం ఎప్పుడో పాడైపోయింది. పెద్ద నీళ్ళ డబ్బా మోకాలి ఎత్తుకి లేపితే మర్నాడు దువ్వెన పట్టుకోలేను. మొగుడు లేడు. ఉన్నప్పుడు మాత్రం ఏనాడూ నీళ్ళు మోసినవాడు కాదులెండి. అంచేత వెండెల్ నీళ్ళు ఆపేస్తే నేను ఇల్లుబండి అమ్ముకుని ఏ ఊళ్ళోనో అద్దెగదిలో కూలబడాల్సిందే. అది అతనికీ తెలుసు.

అసలు గొడవేమిటంటే, చలి ముదిరినప్పటినించీ, మూడు వారాలుగా ట్యాంకు శనివారానికే ఖాళీ అవుతోంది. మనిషికి స్నానానికి రెండు గ్యాలన్లు, రెండు నిమిషాలు. ఇది గుంపు నియమం. పెట్టింది వెండెలే. ఇరవై రెండేళ్ళు నౌకాదళంలో చేసొచ్చాడు. తడుపుకో, నీళ్ళు ఆపు, సబ్బు రాసుకో, కడుక్కో, బయటికి రా. గుంపులోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పి, చేతిలో ఒక వంటింటి టైమర్ పెడతాడు. అందరూ శ్రద్ధగా పాటిస్తున్నారు. మరి నీళ్ళెక్కడికి పోతున్నాయి? చుట్టూ చూశారు. నా జడ నడుం దాటి వేలాడుతోంది. ఇంకేం, దొంగ దొరికిపోయింది.

"నా జుట్టుకి ఎన్ని నీళ్ళు పడతాయో నువ్వు కొలిచావా?" అన్నాను.

"కొలవాలా? కళ్ళు లేవా నాకు?"

"కళ్ళున్నాయి, కొలత లేదు. సరే విను. ఇవాళ మూడింటికి అందరూ కుర్చీలు తెచ్చుకోండి. మీ కళ్ళముందే తలస్నానం చేస్తా. ఒక్క గ్యాలన్ దాటితే కత్తెర నువ్వే తీసుకురా, ఇక్కడే కోసెయ్. దాటకపోతే నువ్వెళ్ళి స్నానం చెయ్, నీది మేం కొలుస్తాం."

వెండెల్ పగలబడి నవ్వాడు. "నాది కొలుస్తావా? కొలుచుకో తల్లీ! నా నెత్తి మీద గుప్పెడు వెంట్రుకలు కూడా లేవు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఈ జుట్టు సంగతి వాళ్ళకేం తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్కన్సాలో కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోశాను. తల మీద ఎప్పుడూ జాలీ టోపీ. ఒకసారి జడ కొస టోపీలోంచి బెత్తెడు బయటికొచ్చిందని ఫోర్‌మన్ వెనకనించి వచ్చి, కోళ్ళు కోసే కత్తెరతో కసక్కున కోసేశాడు. నలభైమంది ముందు. నేను నోరు మూసుకుని ముందుకొచ్చిన కోడి రెక్క కోశాను. ఉద్యోగం కావాలి మరి. ఇంటికెళ్ళి ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది. ఆఖరి రోజున ఆ టోపీ చెత్తబుట్టలో విసిరేసి ఒట్టుపెట్టుకున్నా, ఇక ఈ తలమీద ఇంకొకడి కత్తెర పడనివ్వనని. ఆ సోమవారం మధ్యాహ్నం దాకా జడ విప్పుతూ, అల్లుతూనే ఉన్నాను. భయం కాదు, కోపం. కాస్త భయం కూడా, ఎందుకు దాచాలి.

మూడింటికి అందరూ వచ్చారు. కొందరు తినడానికి వేరుశనగపప్పులు కూడా తెచ్చుకున్నారు. నేను గ్యాస్ గీజరు వెలిగించి, ఎనిమిది నిమిషాలకి ఆపేశాను.

"అప్పుడే ఆపేశావేం?" అన్నాడు వెనక బండి సెసిల్. మంచివాడే, కాకపోతే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపు తల ఊపుతాడు.

"వదిలేస్తే చర్మం ఊడేంత కాగుతుంది. అప్పుడు చన్నీళ్ళు కలపాలి. ఈ కుళాయి కాస్త తిప్పి, ఆ కుళాయి కాస్త తిప్పి, ఆ తిప్పుళ్ళలో సగం నీళ్ళు కాలవపాలు. ఎనిమిది నిమిషాలకైతే ఒంటికి సరిపడా వేడి. ఏమీ కలపక్కర్లేదు."

వేడి కుళాయి తిప్పాను. గొట్టంలో ఉన్న చన్నీళ్ళు ముందొస్తాయి కదా, వాటిని ఎప్పటిలాగే గిన్నెలో పట్టి పక్కన పెట్టాను, అంట్లు కడగడానికి. వేడి తగలగానే ఖాళీ పాలడబ్బా పెట్టి నింపాను. సరిగ్గా ఒక గ్యాలన్ డబ్బా అది.

"ఆగాగు!" వెండెల్ కుర్చీలోంచి లేచాడు. "ఆ గిన్నెలోవో? అవి కూడా లెక్కే!"

"ఇవి పారబొయ్యలేదుగా."

"స్నానం కోసం కుళాయి తిప్పావా లేదా? తిప్పితే లెక్కే. చన్నీళ్ళూ నీళ్ళే!"

"చన్నీళ్ళు కూడా లెక్కేనా?"

"లెక్కే!"

"అందరూ విన్నారుగా," అన్నాను. గిన్నెలో ఎన్నున్నాయో అన్ని వేడినీళ్ళు డబ్బాలోంచి కెటిల్‌లోకి తీసేశాను. ఇప్పుడు గిన్నె, డబ్బా కలిపి ఒక్క గ్యాలన్.

నేనే పోసుకుంటే మోసం చేస్తానట. అందుకని పొయ్యడానికి వెండెల్ తన భార్యని పంపాడు. ఆర్డిత్ మాట్లాడగా నేను ఆ చలికాలంలో విన్నది తక్కువ. తెల్లజుట్టు, చెవుల పైదాకా కత్తిరించి ఉంటుంది, మగపిల్లాడిలాగా. నేను ముక్కాలిపీట మీద కూర్చుని తల వంచాను. ముందు గిన్నెలో చన్నీళ్ళు పొయ్యమన్నాను. జనవరి నెల, నెత్తిమీద సూదులు గుచ్చినట్టయింది.

షాంపూ నేను ముందే నీళ్ళలో పల్చగా కలిపి పాత కెచప్ సీసాలో పెట్టుకుంటాను. చిక్కగా రాస్తే వదిలించడానికే నీళ్ళన్నీ అయిపోతాయి. కుదుళ్ళకి మాత్రమే పట్టించాను. జారే నురగే కొసల దాకా కడిగేస్తుంది. తర్వాత ఆర్డిత్ గోరువెచ్చటి నీళ్ళు ధారగా పోస్తుంటే నేను పాయపాయా పిండుకుంటూ పోయాను. ఆవిడ పోస్తూ పోస్తూ రెండో చేత్తో నా జుట్టు దువ్వసాగింది. అడగలేదు నేను.

"నాదీ ఇంతే ఉండేది," అంది నాకు మాత్రమే వినబడేలా.

"మరేమైంది?"

"నీళ్ళు," అంది.

నురగ పోయింది. జుట్టు పిండి తువ్వాలు చుట్టుకున్నాను. డబ్బా అడుగున ఇంకో గ్లాసుడు నీళ్ళు మిగిలాయి. వాటితో మొహం కడుక్కుని, మిగతావి తాగేశాను, కావాలనే.

చప్పట్లు కొట్టారు కొందరు. వెండెల్ మొహం కాస్త మాడింది, అయినా నిబ్బరంగా తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "ఇప్పుడు చూడండి, అసలు స్నానమంటే ఏమిటో."

అతని బండి గుంపులోకెల్లా పొడుగు. గీజరు తోకన, స్నానాలగది ముందు, మధ్యలో గొట్టం నిండా చన్నీళ్ళు. మేం బయట, బండికింద మురికినీళ్ళ గొట్టం మూత తీసి, గీతలున్న పెద్ద బకెట్ పెట్టాం. లోపల పడ్డ ప్రతి బొట్టూ తిన్నగా అందులోకే వస్తుంది. అందరూ చుట్టూ మూగారు.

లోపల కుళాయి తిప్పిన చప్పుడు. బకెట్‌లో నీళ్ళు పడుతున్నాయి. టైమర్ చప్పుడు మాత్రం లేదు. నీళ్ళు పడుతున్నాయి. వెండెల్ కూనిరాగం తీస్తున్నాడు. అర గ్యాలన్ గీత మునిగింది. గ్యాలన్ గీత మునిగింది. ఎవరూ పప్పులు నమలడం లేదు. అప్పుడు మొదలైంది టిక్ టిక్ టిక్.

కాసేపటికి నీళ్ళు ఆగాయి, టైమర్ కూడా ఆగింది. సబ్బు రాసుకుంటున్నాడన్నమాట. షవర్ మూతి దగ్గరుండే మీట నొక్కి ఆపుతాం అందరం. ఆ మీటతో ఆపితే వేడినీళ్ళు, చన్నీళ్ళు గొట్టంలో ఒకదాంట్లోకి ఒకటి దూరతాయి. మళ్ళీ వదలగానే ముందు ఏవొస్తాయో దేవుడికే తెలియాలి.

"అబ్బా! చచ్చాన్రో!" అని లోపలినించి కేక. బండి ఊగింది.

బకెట్‌లో మళ్ళీ ధార. కుళాయిలు కిర్రు కిర్రుమంటున్నాయి, అటు తిప్పి, ఇటు తిప్పి. టైమర్ లేదు. నీళ్ళు పొగలు కక్కాయి, చల్లబడ్డాయి, మళ్ళీ పొగలు. చాలాసేపటికి టిక్ టిక్.

వెండెల్ బయటికొచ్చాడు. ఎర్రగా కాలిన భుజం, దువ్వడానికి ఏమీ లేకపోయినా దువ్వుకున్న తల. టైమర్ ఎత్తి చూపించాడు. "రెండు నిమిషాలకి నాలుగు సెకన్లు తక్కువ!"

అప్పుడు బకెట్ వైపు చూశాడు. నాలుగు గ్యాలన్ల గీతకి వేలెడు తక్కువ.

"ఎక్కడో కారుతోంది," అన్నాడు.

"కారడం లేదు. నీళ్ళు వేడెక్కాక టైమర్ నొక్కుతున్నావు. అంతకుముందు పోయినవి ఎవరి లెక్కలో వెయ్యాలి?"

"వేడి రాందే స్నానమెలా అవుతుంది? స్నానం మొదలయ్యేదే వేడి వచ్చాక!"

"మరి ఇందాక చన్నీళ్ళూ నీళ్ళే అన్నావు?"

వెండెల్ టైమర్‌ని తువ్వాల్లో చుట్టేశాడు. అప్పుడు సెసిల్ మెల్లగా అన్నాడు, "మరి మేమందరం అలాగే కదా చేసేది... అతను నేర్పినట్టేగా." చుట్టూ చూశాను. ఒక్కొక్కరూ తలలు దించుకున్నారు. ఎనిమిది బండ్లలో ప్రతి రోజూ ఇదే కథ, చలి ముదిరేకొద్దీ వేడి రావడం ఇంకా ఆలస్యం. ట్యాంకు శనివారానికే ఖాళీ ఎందుకవుతోందో ఇక ఎవరూ అడగక్కర్లేదు.

గెలిచానని అనుకున్నాను. మనుషుల సంగతి అరవై నాలుగేళ్ళొచ్చినా నేర్చుకోలేదు నేను. తప్పు బయటపెట్టిన మనిషంటే ఎవరికీ ఇష్టముండదు. గుంపులోంచి ఎవరో సణిగారు: "మా మురుగు గొట్టాల్లోకి తొంగిచూడ్డానికి ఈవిడెవరు?" ఆ మాట చాలు వెండెల్‌కి, ప్రాణం లేచొచ్చింది.

"అదీ మాట! నీళ్ళ సంగతి తర్వాత. గుంపులో చిచ్చు పెట్టేవాళ్ళు మనకి అవసరమా? చేతులెత్తండి. నాడీన్ ఉండాలా, వెళ్ళాలా. బండికి ఒక్క చెయ్యి, ఎప్పటిలాగే."

నేను కుర్చీ మీదకెక్కి నిలబడ్డాను. తడి జుట్టు వీపంతా చల్లగా అంటుకుని ఉంది. "ఎత్తుకోండి చేతులు! కాని ఒకటి వినండి. ఈ నేల సర్కారుది, వెండెల్‌ది కాదు, మీ ఎవరిదీ కాదు. మీరందరూ వెళ్ళమన్నా నేను ఇక్కడినించి అంగుళం కదలను. ట్యాంకు నాకు మూసేస్తారా, మూసెయ్యండి. రోజుకొక పాలడబ్బా చొప్పున చంకన పెట్టుకుని తెచ్చుకుంటా, మీ అందరి ముందునించే నడుచుకుంటూ వస్తా. జుట్టు మాత్రం కొయ్యను. ఒకసారి కోస్తే ఊరుకున్నాను, ఇంకా దానికే సిగ్గుపడుతున్నాను!"

వెళ్ళాలని మూడు చేతులు లేచాయి. నాలుగోది వెండెల్‌ది. నా బండి లెక్కలో లేదు. ఉండాలని నాలుగు లేచాయి. నమ్మండి, అందులో సెసిల్ చెయ్యి కూడా ఉంది, సగమే ఎత్తాడనుకోండి.

"సరిసమానం," అన్నాడు వెండెల్. నవ్వు తిరిగొచ్చింది మొహంలోకి. "సమానమైతే పెద్దవాడి మాట. కాబట్టి—"

"ఆగు," అంది ఆర్డిత్.

బకెట్ పక్కన నిలబడి ఉంది. ఆ గొంతు ఎవరిదో తెలియక కొందరు వెనక్కి తిరిగి చూశారు.

"బండికి ఒక్క చెయ్యి అన్నావు కదా. మన బండి ఎవరి పేరున ఉంది?"

"అదేం ప్రశ్న? మనది—"

"కాగితాల మీద ఎవరి పేరుంది, వెండెల్? మా అమ్మ ఇల్లు అమ్మి కొన్నది. నీ పేరు ఎక్కడైనా ఉందా?"

వెండెల్ మెడ కూడా ఎర్రబడింది, ఈసారి వేడినీళ్ళ వల్ల కాదు.

"చెయ్యి దించు," అంది ఆర్డిత్. తన చెయ్యి ఎత్తింది. "నాడీన్ ఉంటుంది. అయిదు, మూడు."

"ఆర్డిత్, లోపలికి పద. మాట్లాడుకుందాం."

"పదకొండేళ్ళనించీ లోపలే మాట్లాడావు. ఇక్కడే చెప్పు, అందరూ వింటారు."

నేను కుర్చీ దిగాను. దిగుతూ కళ్ళు తుడుచుకున్నాను, షాంపూ పడిందని చెప్పుకుందామనుకున్నా గాని ఎవరూ అడగలేదు. ఆర్డిత్ వంగి, బకెట్‌లో నీళ్ళు మురికినీళ్ళ పీపాలో వంపి, ఖాళీ బకెట్ తీసుకెళ్ళి మొగుడి చేతికిచ్చింది.

"రేపట్నించి వేడి వచ్చేదాకా కాళ్ళ దగ్గర ఇది పెట్టుకో. ఒక్క బొట్టు కింద పడ్డా ఊరుకోను. ఆ నీళ్ళు నాక్కావాలి."

"నీకెందుకు?"

ఆర్డిత్ చెవి పైనున్న పొట్టి వెంట్రుకల్ని వేళ్ళతో ఒకసారి లాగి చూసుకుంది.

"జుట్టు పెంచుకుంటున్నా," అంది.

వెండెల్ బకెట్ పట్టుకుని బండిలోకి వెళ్ళాడు.