పస్తుమడి

కొండలను గూడ నుడికించు జ్యేష్ఠమాసపు టెండలో ఎఱ్ఱనేల పెనమువలె కాగుచుండ, తొలకరి కెదురుచూచుచు ఆ సీమలోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు మృత్తికాశాస్త్రశాఖ వారి ప్రయోగక్షేత్రములన్నింటను పసులయెరువు కుప్పలు కుప్పలుగా దిగుచుండగా, మిట్ట క్రింద నొక్క మడి మాత్రము బోసిగా పడి యుండెను. దానిని కూలివారు మొదలుకొని పండితుల వఱకు నందఱును పస్తుమడి యందురు.

ఏబదియేండ్ల క్రిందట ఆ శాఖను స్థాపించిన మహాపండితుడు ఎరువెఱుగని నేల యెంతకాలము పంట నీయగలదో పరీక్షింపనెంచి ఆ మడిని ప్రత్యేకించి దానికి కావలిగా మిట్టమీద శాఖాధిపతికి గృహము కట్టించెను. ఆ పీఠమెక్కిన ప్రతివాడును ఆ మన్ను పిడికిట బట్టి దీనికి ఎరువు వేయను వేయనీయనని ప్రమాణము చేయవలె. మఱియొకడు ప్రమాణము చేయువఱకు ఆ యిల్లు విడువరాదు. స్థాపకుడు ఆ యింటనే కన్నుమూసెను. అతని శిష్యుడు ఆ యింటనే ముసలివాడయ్యెను. ఆ శిష్యునకు శిష్యుడు నేటి శాఖాధిపతి ఓబుళరెడ్డి. ఇప్పటి యువాధ్యాపకులో, ప్రమాణము మాట యెత్తినంతనే బస్సు వేళయైనదని జారుకొనుచుండిరి.

ప్రమాణము చేసినవాడు రెడ్డి, అనుభవించినది అతని యిల్లాలు అలివేలమ్మ. మిట్టమీది నీరు మడిలోనికి దిగునని ఆ పెరట గంజి పారబోయరాదు, ఆవును కట్టరాదు, తుదకు మల్లెపాదునకు చారెడు ఎరువైన వేయరాదు. ఆమె పుట్టింటినుండి తెచ్చుకొన్న మల్లెయంటు కుండలోనే యెండిపోయెను. మదనపల్లెలోని చెల్లెలు తన యింటి ప్రక్కనే వీరికొక యిల్లు చూచిపెట్టి రమ్మని పిలిచి పిలిచి విసిగి, శ్రావణము దాటిన దానిని పరులకిత్తునని కబురంపెను. అలివేలమ్మ ఆ యెండిన మల్లెకుండ వంక చూచెను. అదియును పోయిన తన కింక ఈ మిట్టయే గతి గదా!

అంతట నొకనాడు మిట్టమధ్యాహ్నమున శాఖ యంతయు భోజనము చేసి కునుకు తీయుచుండగా, ఆ సాధ్వి పశుశాలనుండి గంపెడు ఎరువు తెచ్చి పస్తుమడి నడుమ చల్లి చేతులతోనే మంటిలో కలిపెను. మడి చెడిన ప్రమాణము తీరును, ప్రమాణము తీరిన ఊరు కదలవచ్చును. పాపము, ఆ తర్కమున తప్పేమున్నది?

వానలు కురిసెను. శ్రావణమున పస్తుమడి యంచులలో జొన్న జానెడై పాలిపోయి యుండగా నడుమ మాత్రము నిండుపచ్చగా నిగనిగలాడుచు మనిషెత్తు లేచెను. రెడ్డి గట్టుమీద చతికిలబడెను. ఆమె పోయి యెదుట నిలిచెను.

"ఎరువు నేనే వేసినానండీ. ఈ యింట్లో నాకు ఊపిరాడలేదు. ఇంక పోదాము రండి."

అతడు వంగి ఆ పైరు మొదటి మన్ను తీసి నలిపి చూచెను. కోపించినను బాగుండునని ఆమెకు తోచెను. తుదకు లేచి, ప్రయోగము భగ్నమైనదని పై యధికారులకు విన్నవింప పోయెను. ఆమె ఆనందమున కంతులేదు. పెట్టెలు సర్దెను. వచ్చుచున్నామని చెల్లెలికి కబురంపెను. ఆ సాయంకాలము, ఎన్నేండ్లకో, పాట యొకటి పాడుకొనెను.

మఱునాటి యుదయమున పెట్టె చేతబట్టుకొని వాకిటికి వచ్చి చూచునప్పటికి, పెనిమిటి ఆ పచ్చనిపైరు చుట్టును మేకులు దిగగొట్టుచు తాడు లాగుచుండెను. కన్నులలో పడుచుతనపు వెలుగు.

"అలివేలూ, ఏబదియేండ్లు పస్తున్న నేలకు ఒక్కపూట అన్నం పెడితే ఆ బలము ఎన్నేండ్లు నిలుస్తుందో లోకంలో ఎవరూ చూడలేదు. పైవాళ్లు ఒప్పుకున్నారు. ఇరవై యేండ్లన్నా చూడాల. అంతా నీ చలవే" అనుచు దగ్గఱకు వచ్చి, ఖాళీగా నున్న ఆమె చేతిలో పిడికెడు మన్ను పోసెను. అతని వెనుక అప్పుడే పాతిన పలకపై తెల్లని యక్షరములతో అలివేలమ్మ మడి యని వ్రాసి యుండెను.

ఆమె పెట్టె దింపెను. ఆ శాఖ చరిత్రమున ఆమె పేరు నేటికిని గౌరవముతో చదువుదురు. ఆ యింటి పెరట నేటికిని మల్లె లేదు.