జల్లెడలో మిగిలిన మైదా

నేను ఒక పిండి జల్లెడను. మామిడి చెక్కను గుండ్రంగా వంచి, దానికి ఇత్తడి తీగల వలను బిగించి, నన్ను ఆదోని సంతలో అమ్మకానికి పెట్టారు. డోనులో చిన్న బేకరీ నడిపే ఫక్కీరప్ప నన్ను ఎండకు ఎత్తిపట్టి ఒక్కొక్క తీగా పరీక్షించాడు. పెళ్లిచూపుల్లో కూడా అతను అంతసేపు చూసి ఉండడు. "పిండి మెత్తగా దిగుతాది" అని నన్ను చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టాడు.

బేకరీలో నాకు దాదాపు అంతా మైదాతోనే పని. కేకు చేసే రోజున ఫక్కీరప్ప మైదాను మళ్లీ మళ్లీ జల్లించేవాడు. పిండి తేలికపడితేనే కేకు దూదిలా పొంగుతుందనేవాడు. దూదేకుల ఇంట పుట్టినవాడికి దూది సంగతి వేరే చెప్పాలా! బిస్కెట్ల పిండికి అంత ముద్దు జరిగేది కాదు. మైదాలో కాస్త గోధుమపిండి కలిపి, ఒక్కసారి నాలోంచి దించి, వెన్నతో వేళ్ల కొసలతోనే కలిపేవాడు. గట్టిగా పిసికితే జిగురు సాగి, బిస్కెట్టు కాలాక రాయిలా బిగుస్తుందట.

అతని కూతురు సలీమా విరిగిన బిస్కెట్ల గంప పక్కనే పెరిగింది. బడికి పోయే వయసు వచ్చేసరికి ఆ పిల్ల పొట్ట ఉబ్బింది, కాళ్లు పుల్లలయ్యాయి. వీధిలో వాళ్లు దిష్టి అన్నారు, తాయెత్తు కట్టించారు. చివరికి కర్నూలు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. గోధుమలోని జిగురు ఈ పిల్ల పేగులకు పడదు. గోధుమపిండి, మైదా, రవ్వ జన్మలో తినకూడదు.

"బేకరీవాని బిడ్డకు బిస్కెట్టు పడదంట!" అని ఫక్కీరప్ప నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి అతను వేరే పిండ్ల వెంట పడ్డాడు. బియ్యప్పిండితో కేకు చేస్తే కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలింది. రాగిపిండిది రంగు బాగుంది కానీ ముద్దలా అణిగిపోయింది. చివరికి బియ్యప్పిండిలో సగ్గుబియ్యం పొడి కలిపి, గుడ్లు ఎక్కువ వేస్తే కేకు నిలబడింది. సలీమా ఆశగా తిన్నది. పొద్దు వాలేసరికి కడుపు పట్టుకొని ముడుచుకుపోయింది.

ఎక్కడ తప్పు జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. సలీమా తల్లి కాశింబీ బేకరీకి వచ్చి ఒక్కొక్క సామానూ తిప్పి చూసింది. తన నల్ల పైటకొంగు పరిచి, దాని మీద నన్ను తట్టింది. తెల్లటి పొడి రాలింది.

"ఏమయ్యో, సూడు. దీని నిండా మైదానే ఉండాది."

నన్ను మరిగే నీళ్లలో ముంచారు, బ్రష్షుతో తోమారు, ఎండలో ఆరబెట్టారు. అయినా తట్టిన ప్రతిసారీ చెక్కకూ వలకూ నడుమ నుంచి ఇంత తెల్లదనం రాలుతూనే ఉంది. సలీమా కోసం ఇంటికి కొత్త స్టీలు జల్లెడ వచ్చింది. బేకరీ గాలిలోనే మైదా తేలుతుంటుందని ఆ పిల్లను లోపలికి రానివ్వడం కూడా మానేశారు.

ఇంట్లో జరిగేదంతా నాకు ఫక్కీరప్ప మాటల్లోనే తెలిసేది. కాశింబీ రొట్టెలకు చేసినట్టే జొన్నపిండిని మరిగే నీళ్లతో కలిపిందట, పిండి విరగలేదట. దానికి వేరుశనగ పొడి, బెల్లం చేర్చి బిస్కెట్లు కాల్చారట, పాప కరకరా నమిలిందట. వచ్చినవాళ్లందరికీ అదే కథ చెప్పేవాడు. మేకుకు వేలాడుతూ నేను వినేదాన్ని. ఆ పిండి ఒక్కసారి నాలోంచి దిగితే ఎలా ఉంటుందోనని తపించేదాన్ని.

ఒక సాయంత్రం సలీమా వీధికి అవతల నిలబడి పిలిచింది.

"నాయనా, పొయ్యి కాడికి ఒక్కసారి వస్తా!"

"వద్దు తల్లీ."

"ఊపిరి బిగబట్టుకోని వస్తాలే నాయనా. సూసి పోతా, అంతే."

ఆ పూట పొయ్యిలోని బిస్కెట్లన్నీ మాడిపోయాయి.

మరునాడే మైదా ఇక తేనని భార్యతో అన్నాడు.

"ఒట్టి జొన్న బిస్కెట్లు ఎవురు కొంటారయ్యా?" అంది కాశింబీ.

"కొనేవాళ్లే కొంటారు. బిడ్డ లోపలికి రావల్ల."

బేకరీ మూసేసి గోడలు గీకించాడు, పాత బల్లలు తీసేశాడు, పొయ్యి కొత్తగా కట్టించాడు. నా వంతు వచ్చినప్పుడు నా చెక్కను కాసేపు నిమిరాడు. తర్వాత సున్నం కొట్టడానికి వచ్చిన ఈరన్నకు ఇచ్చేశాడు.

"తీసకపో అన్నా. పారేయబుద్ధి కాలేదు."

నేను ఈరన్న తోపుడుబండిలో బోర్లాపడి ఉండగానే సలీమా వీధి దాటి వచ్చింది. గడప దగ్గర తటపటాయించి తండ్రి ముఖం చూసింది. అతను తల ఊపాడు. అంతే, పరుగున పోయి కొత్త పొయ్యికి రెండు చేతులూ ఆనించింది. బండి కదిలింది.

ఇప్పుడు నాలోంచి సున్నం దిగుతుంది. అదీ తెల్లనిదే, కానీ దాని కోసం ఎవరూ నోరు తెరుచుకొని కాచుకోరు. నిన్న ఈరన్న ఆ బేకరీ బిస్కెట్లు తెచ్చి, తన భార్యకు చెప్పాడు.

"పిండి ఇప్పుడు ఆ పాపే జల్లిస్తాండాది, తెలుసునా?"

ఆ చేతులు నాకు కొత్తవి కావు. నడక రాని రోజుల్లో సలీమా నా చెక్క పట్టుకొనే లేచి నిలబడేది. నేను కదలకుండా పట్టుకొనేదాన్ని. నా ఒళ్లంతా మైదాతో.