తువ్వాలు ఇచ్చినాక

మదనపల్లె టమోటా మండీలో వేలం కేకలు పెట్టడం నా పని. అరిచి అరిచి నా గొంతూ పాడైంది, ఓర్పూ పాడైంది. అందుకే మా అక్క కూతురు ఇష్రత్ ఎప్పుడు చూసినా ఫోన్‌లో తుపాకులాట ఆడుతుంటే నాకు ఒళ్ళు మండేది. పుంగనూరులో పోటీలున్నాయని అక్క బతిమాలితే, సణుక్కుంటూనే తోడు వెళ్ళాను.

కల్యాణ మండపం నిండా కుర్రకారు. జట్టుకు నలుగురు. ఇష్రత్ జట్టులో ఎటు పోవాలో, ఎప్పుడు కాల్చాలో చెప్పేది ఇష్రతే. గెలిచిన జట్టు బెంగళూరు పోటీలకు వెళుతుంది. ఏడాదిగా ఆ పిల్ల కలవరించేది దాని గురించే. పొద్దున్నుంచి ఆట మీద ఆట గెలిచి ఫైనల్‌కు వచ్చారు. పెద్ద తెర మీద చూస్తూ చూస్తూ నేను సణగడం మరిచిపోయాను.

ఫైనల్లో ఉన్నట్టుండి తేడా కొట్టింది. అప్పుడే వెతికి వచ్చిన ఖాళీ ఇంట్లోకే ఇష్రత్ జట్టును మళ్ళీ పంపింది. వేళ్ళు చకచకా ఆడుతూనే ఉన్నాయి, అలిసింది బుర్ర. ఆ అలుపు నాకు బాగా తెలుసు. మా మండీలో ఎవరి భుజాన తువ్వాలుంటే వాళ్ళే కేక పెట్టాలి. చెప్పిన రేటే మళ్ళీ చెప్పాడంటే వాడి బుర్ర అలిసినట్టు. తువ్వాలు తీసి పక్కవాడికి ఇవ్వాలి. ఎవరూ లాక్కోరు, తనే ఇవ్వాలి. ఇవ్వడానికి చాలామందికి మనసు రాదు. ఇచ్చినా పక్కనుంచి అరుస్తూనే ఉంటారు.

ఎదుటి జట్టు చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి గానీ, మా చూసేవాళ్ళకు ఇష్రత్ గొంతు మైకులో వినిపించింది. "ఇందూ, నాకు బుర్ర పనిచేయడంల్యా. ఇంగ నువ్వే చెప్పు, మేం ఇంటాం."

జట్టులోని ఇందు ఒక్క క్షణం తడబడింది. "అయితే నువ్వు బయటికి ఉరుకు. నిన్ను కాలిస్తే వాళ్ళు యాడుండారో మాకు తెలుస్తాది."

బెంగళూరు కలలుగన్న పిల్ల మారుమాట లేకుండా ఉరికింది. తెర మీద ఆమె బొమ్మ కూలిపోయింది. కాల్పులు వచ్చిన మిద్దెను మిగతా ముగ్గురూ చుట్టేశారు. గెలిచారు! నేను లేచి వేసిన కేకకు మండపమంతా వెనక్కి తిరిగి చూసింది.

బయటికొచ్చాక అడిగాను. "నిన్నే సావమనింది గదే, రోసం రాలేదా?"

"తువ్వాలు ఇచ్చినాంక గొంతు లేపగూడదని నువ్వే గదా మామూ చెప్తాంటావు."

ఆ మాట మండీలో అందరికీ చెప్పి, ఎవరూ వినరని ఇంటికొచ్చి సణిగి విసిగిపోయాను. విన్నది ఇష్రత్ ఒక్కతే, అదీ ఫోన్‌లో తల పెట్టుకుని.