మిరప కళ్ళం మీద తెల్లగీతలు

ప్రేమ్‌చంద్‌ని మించిన విశ్వాసఘాతకుడు ఈ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పుట్టలేదని యలమంద గట్టి నమ్మకం. పరాయివాడు ముంచితే ఏదో అనుకోవచ్చు. వీడు సొంత చెల్లెలి కొడుకు. భుజాల మీద కూర్చోబెట్టుకుని తిరనాళ్ళు చూపించిన మేనమామని, శాలువా కప్పి మరీ ముంచాడు.

వాడి ఆట ఏపాటిదో యలమందకి మొదట్నుంచీ తెలుసు. గుంటూరు కాలేజీలో వాడు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడని చెల్లెలు ఊరంతా చెప్పుకు తిరుగుతుంటే, ఒకసారి యార్డులో మిరపకాయలు అమ్ముకుని తిరిగొస్తూ చూసొచ్చాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. బంతి చేతికి వచ్చిందంటే తాతల ఆస్తి చేతికొచ్చినట్టే, ఇంకొకడికి ఇచ్చేవాడు కాదు. ఆఖరి నిమిషంలో ఇద్దరు కుర్రాళ్ళు బుట్ట కింద ఖాళీగా నిలబడి "ఇవ్వరా, ఇవ్వరా!" అని గొంతు చించుకుంటున్నారు. వీడు వినలేదు. తనే ఎగిరాడు. బంతి ఒక పక్కకి పోయింది, వీడు ఒక పక్కకి పడ్డాడు. మ్యాచీ పోయింది, కుడి మోకాలు కూడా పోయింది.

ఆపరేషన్ అయ్యాక ఏడాది పాటు మంచం మీద ఫోన్ చూసుకుంటూ గడిపాడు. తర్వాత చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టరుగా చేరాడు. మెడలో ఈల, తలకి టోపీ. ఆడటం రానివాడు ఆడించడానికి బయల్దేరాడని యలమంద టీకొట్టు దగ్గర అందరి ముందూ నవ్వాడు.

ఆ జూన్‌లో మేనల్లుడు ఇంటికొచ్చాడు.

"మామయ్యా, కళ్ళం ఖాళీగానే ఉందిగా. ఒక్క స్తంభం పాతుకుంటా."

"నువ్వేమో కుంటోడివి. ఎవడాడతాడ్రా?"

"ఆడపిల్లలు. మన ఊరి స్కూలువాళ్ళు, మన కాయ తిరగేసే పిల్లలే. జయరావు కూతురు స్తుతి, ఇంకో తొమ్మిది మంది."

"పదో క్లాసుకే యాభై కేజీల బస్తా లేపుద్ది స్తుతి. దానికి బంతి ఎందుకురా?" అని యలమంద పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఒప్పుకున్నాడు. అదీ అతను చేసిన మొదటి పొరపాటు. "మొదటి కోత వచ్చేసరికి స్తంభం పీకెయ్యాలి."

"పీకేస్తా."

పీకలేదు సరికదా, దసరా వెళ్ళేసరికి రెండో వైపు కూడా స్తంభం లేచింది. కార్తీకంలో తెల్లరంగుతో గీతలు పడ్డాయి. అప్పు చేసి సిమెంటు వేయించుకున్న కళ్ళం అది. పొలంలో ఆరబెట్టే వాళ్ళ కాయ మట్టి కొట్టుకుపోతుంటే, తన కాయ మాత్రం అద్దంలా ఆరేది.

"ఏందిరా ఈ ముగ్గులు? నా కాయకి రంగంటితే యార్డులో ఎవడు ముట్టుకుంటాడు?"

"ఆరిన రంగు అంటదు మామయ్యా. పొద్దున నీ కాయ, సాయంత్రం నా ఆట."

మొదటి కోత వచ్చింది. అదే పిల్లలు పొద్దున్నే కూలికొచ్చి, కాయలో వరసగా నిలబడి కాళ్ళతో తిరగేస్తున్నారు. యలమంద కుర్చీ వేసుకుని అరుస్తున్నాడు.

"పాదం లేపొద్దే స్తుతీ! లేపితే కాయ చితుకుద్ది. జరుపు, జరుపు! మోకాళ్ళు వంచు. కిందకేంది ఆ చూపు? పక్కదాన్ని చూసుకో, వరస చెడుద్ది!"

ప్రేమ్‌చంద్ స్తంభానికి ఆనుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పటిదాకా వాడు ఇంగ్లీషులో ఏదేదో అరుస్తుంటే పిల్లలు మొహాలు మొహాలు చూసుకుని కిసుక్కుమనేవాళ్ళు.

"ఏం చూస్తన్నావురా?"

"ఏం లేదు మామయ్యా. ఇందాక అన్నది మళ్ళీ అను."

వెర్రి యలమంద మళ్ళీ అన్నాడు.

రెండో కోత ముంచుకొచ్చింది. రెండు పూటలా కళ్ళం కావాలి. స్తంభాల సంగతి తేల్చుకుందామని వాడికి ఫోన్ చేస్తే గుంటూరులో జిల్లా ఫైనల్ అన్నాడు. తేల్చుకోవడానికే వెళ్ళాడు యలమంద, ఆట చూడ్డానిక్కాదు. లోపల అడుగు పెట్టాడో లేదో, ఈల మెడలో వేసుకున్న మేనల్లుడు గీత పక్కన గంతులేస్తూ అరుస్తున్నాడు.

"పాదం లేపొద్దు! జరుపు, జరుపు! మోకాళ్ళు వంచు! పక్కదాన్ని చూసుకో, వరస చెడుద్ది!"

ముక్కకి ముక్క యలమంద నోట్లోంచి ఊడబెరుక్కున్నవే. అవతల టౌను పిల్లలు, బూట్లే వేలల్లో ఉంటాయి. ఎటు తిరిగినా మన పిల్లలు కాయ తిరగేసినట్టు పక్కకి జరిగి అడ్డం నిలబడుతున్నారు. ఒక్కతీ దాటలేకపోయింది. ఆఖర్లో స్తుతి బంతి లాక్కుని, తను ఎగరకుండా, ఖాళీగా ఉన్నదానికి అందించింది. గెలిచారు.

గెలిపించింది నా నోరు, పేరు వీడికి, అనుకున్నాడు యలమంద. ఆ మాట ఎవరైనా ఒక్కసారి బయటికి అంటే బాగుండుననిపించింది. అదీ రెండో పొరపాటు.

ఆదివారం ఊరి స్కూలు దగ్గర సన్మానం పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. ప్రేమ్‌చంద్ మైకు పుచ్చుకున్నాడు.

"ఈ పిల్లలకి డిఫెన్సు నేర్పింది నేను కాదు. మా మామయ్య యలమంద గారు."

చప్పట్లు. యలమంద గుండె ఒక్క క్షణం గాల్లో తేలింది. లేచి నిలబడి నాలుగు వైపులా దణ్ణం పెట్టాడు. స్తుతి వచ్చి శాలువా కప్పింది. చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. అప్పుడు వాడు రెండో మాట వదిలాడు.

"అంతేకాదు, ఆయన కళ్ళాన్ని ఆటస్థలంగా పంచాయతీకి రాసిచ్చేస్తున్నారు!"

ఈసారి షామియానా ఊగిపోయేలా చప్పట్లు. యలమంద పళ్ళ బిగువున గొణిగాడు.

"ఏందిరా ఇది? నేనెప్పుడన్నాను?"

"కాదంటే మైకిస్తా మామయ్యా. నువ్వే చెప్పు."

జీవితంలో ఎవడికీ బంతి అందించనివాడు మొదటిసారి అందించాడు, అదీ కళ్ళం కాజెయ్యడానికి. మైకు మూతి ముందుంది. ఎదురుగా ఊరంతా ఉంది. ఆ పదిమంది పిల్లలు ఈలలు వేస్తున్నారు. వంట్లో ఉన్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. "సంతోషం" అని మాత్రం బయటపడింది.

రాసిచ్చే రోజు సర్వేయరు టేపు పట్టుకొచ్చాడు. "గీత లోపలిదే. గీత దాటి అంగుళం ఇవ్వను" అని యలమంద మొండికేశాడు. అలాగే కొలిచారు. చుట్టూ మిగిలిన మూరెడు అంచు తనదే. దాని మీద మిరపకాయలు కాదు, వడియాలు పెట్టుకోవచ్చు.

రెండో కోత పొలంలో టార్పాలిన్ పట్టాల మీద ఆరింది. మార్చిలో వాన కొట్టింది. సగం కాయ రంగు తిరిగి, తాలుకాయ కింద చవగ్గా పోయింది.

"ఆ శాలువా కప్పాల్సింది కాయ మీద," అంది భార్య పిచ్చమ్మ.

ఇప్పుడు ప్రేమ్‌చంద్ జిల్లా ఆడపిల్లల జట్టుకి కోచ్. పేపర్లో ఫోటో కూడా పడింది. యలమంద సాయంత్రాలు తన మూరెడు అంచు ఎవడన్నా తొక్కుతున్నాడేమోనని చూసొస్తాడు, అంతే. మొన్న స్తుతి బంతి చంకలో పెట్టుకుని ఎదురొచ్చింది.

"అంకుల్, సార్ రాలేదు. కాసేపు తిట్టరా?"

"పొండే, నాకేం పని లేదనుకున్నారా?" అని కసిరాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగితే, కొత్తపిల్ల ఒకతి పాదాలు లేపి టపటపా పరిగెడుతోంది. చూస్తూ ఊరుకోవడం వల్ల కాలేదు. చీకటి పడేదాకా తిట్టాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని బీరువాలోంచి కళ్ళం రాసిచ్చిన కాగితం తీశాడు. చదివింది ఆరో క్లాసే అయినా ఆ ఒక్క లైను కంఠతా వచ్చు. పొడవు ఇరవై ఎనిమిది మీటర్లు, వెడల్పు పదిహేను మీటర్లు, వెరసి ఐదు వందల రెండు గజాలు.