బయటి పారుకు పెళ్ళి పిలుపు

మా తమ్ముడు కుమరేశన్ అలిగాడు. అలిగినవాడు ఎవడైనా మేడ మీదికి పోయి పడుకుంటాడు, మరీ రోషం ఎక్కువైతే స్నేహితుడి ఇంట్లో రెండు పూటలు తిని వస్తాడు. మావాడు సముద్రం అడుగుకు పోయి కూర్చున్నాడు. కోపం కొద్దీ అంటున్న మాట కాదిది. నిజంగానే అడుగున కూర్చున్నాడు.

వాడి ఉద్యోగమే అది. పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్ నేర్పే కొట్టొకటి ఉంది. బెంగళూరు నుంచి వచ్చే పిల్లకాయల వీపుకు గాలి సిలిండర్లు కట్టి, నీళ్ళ కిందికి తీసుకుపోయి, చేపల్ని చూపించి, మళ్ళీ ప్రాణాలతో పైకి తెచ్చి అప్పగించడం వాడి పని. రేవు నుంచి చాలా దూరం పోతే సముద్రం లోపల పగడాలు పట్టిన రాతి దిబ్బ ఉంది. జాలరులు దాన్ని బయటి పారు అంటారు. దానికి అడ్డూ ఆపూ ఏమీ లేదు, బంగాళాఖాతం మొత్తం వచ్చి దాని నెత్తి మీదే పడుతుంది. పెళ్ళి చేసుకోరా అంటే చేసుకోకుండా ఆ బండరాయినే కట్టుకున్నాడు మహానుభావుడు.

ఇంతకీ అలకకు కారణం నేనట. మురుంగపాక్కంలో మేము మేడ మీద వేసిన వాటాకు గృహప్రవేశం చేసినప్పుడు, వీధి వీధంతా బొట్టు పెట్టి పిలిచి, వాడిని ఫోనులో పిలిచాను. 'నువ్వు యాడుంటావో ఎవురికి తెలుసు, ఎప్పుడూ మునిగేదే గదా నీ పని' అని కూడా అన్నాను. అక్కను కదా, ఆ మాత్రం అనకూడదా? వాడు గృహప్రవేశానికి రాలేదు. మా ప్రీతిక నిశ్చితార్థానికీ రాలేదు. ఇప్పుడు పెళ్ళి దగ్గరికొచ్చింది. మేనమామ లేకుండా పెళ్ళేమిటి? మా అమ్మాయి ఒకటే పట్టు పట్టింది, మామ రాకుంటే పీట మీద కూర్చోనని.

మా ఆయన బాలసుబ్రమణ్యం తట్టాంచావడిలో లేతు మిషను మీద పని చేస్తారు. రాయబారానికి ఆయన్నే పంపాను. డైవింగ్ కొట్టుకు వెళ్ళి, వాడిచ్చిన టీ తాగి, చల్లగా తిరిగొచ్చారు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"వచ్చి పిలవమన్నాడు."

"యాడికొచ్చి?"

"సముద్రంలోకి. 'అక్క నేను పని చేసే చోటుకొచ్చి పిలిస్తేనే వస్తా బావా' అన్నాడు. కొట్టుకొస్తే చాలదా అంటే, అది దుడ్డు కట్టించుకునే చోటంట, పని జరిగేది పారులోనంట."

"నీళ్ళ కిందనా?"

"నీళ్ళ పైన పారు యాడుండాదే, మరగతం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళ కింద దాక్కుంటే నేను వదులుతానని అనుకున్నాడా? ఎత్తుకుని పెంచిన చేతులివి. సరే, రమ్మన్నాడు కదా, వస్తాననుకున్నాను.

అయితే ముందు పెద్దమ్మను అడగాలి. అరియాంకుప్పంలో ఉండే మా పెద్దమ్మ కమలమ్మాళ్ మా అందరికీ పెద్ద దిక్కు. మా వాళ్ళల్లో ఏ పిలుపు చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది ఆమే. సంగతి చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తమలపాకు నములుతూ చాలాసేపు ఆలోచించింది.

"అడిగినాడంటే పోవాల్సిందే. పిల్లకు సారె, సీరు తెచ్చే మేనమామ గదా వాడు" అంది.

"నాకు ఈత రాదు పెద్దమ్మా."

"ఈత ఏమిటికే? నువ్వు మునగాల గదా."

"జంటగా పోయి పిలవాల గదా. ఆయనకు బకెట్లో నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

"పడవలో కూచోనీ. పడవ ఉండేదీ నీళ్ళల్లోనే. మొగుడూ పెళ్ళామూ ఒకే నీళ్ళల్లో ఉంటే జంట కిందే లెక్క."

"కుంకుమ కరిగిపోతుంది."

"ఆముదంలో కలుపు."

"స్టిక్కరు పెడితే?"

పెద్దమ్మ నములుతున్నది ఆపి నా వైపు చూసింది. "స్టిక్కరు పెట్టి పిలిచేదానికి పెళ్ళేమిటికి? గోడకు పోస్టరు అంటించు, వచ్చేవాళ్ళొస్తారు" అంది. ఆ తర్వాత వేలు చూపించి మరీ చెప్పింది. "అన్నిటికంటే ముఖ్యం, నోరు తెరిచి పిలవాల. నోటితో రమ్మనకుండా ఊరికే పళ్ళెం చేతికిస్తే అది పిలుపు గాదు, పంపకం."

నీళ్ళ కింద నోరెట్లా తెరవాలి అని నేను అడగలేదు. అడిగితే దానికీ ఏదో ఒకటి చెబుతుందని భయం వేసింది.

మా ఆయన పళ్ళెం పని పట్టుకున్నారు. స్టీలు పళ్ళానికి జాలీ మూత చేసి బోల్టులు బిగించారు. కొబ్బరికాయ తేలుతుందన్న సంగతి, మేడ మీద తొట్టిలో వేసి చూస్తే గానీ మా ఇద్దరికీ తట్టలేదు. దానికో ఇనుప ముక్క కట్టారు. పళ్ళెం బండలా మునిగింది. ఖాళీ నూనె డబ్బా తగిలించారు. తలకిందులుగా తేలింది. ఇంకో ఇనుప ముక్క, ఇంకో డబ్బా, అలా సాయంత్రాలన్నీ తొట్టి దగ్గరే గడిచాయి.

"నాన్నా, ఇంకొంచెం చేస్తే అదే పోయి మామను పిల్చుకొస్తుంది, అమ్మతో పనుండదు" అంది ప్రీతిక.

నాకు నేర్పించింది ప్రియా. మా తమ్ముడితో పాటు డైవింగ్ నేర్పే పిల్ల, మా వాళ్ళమ్మాయే. ఈత కొలనులో నన్ను ముంచి తేల్చి, మూడు సంగతులు పదే పదే చెప్పింది. ఊపిరి బిగబట్టకూడదు, మాట్లాడకూడదు, గాలి అందించే ఆ రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీయకూడదు. ఊపిరి సంగతి సరే. మాట్లాడకుండా ఉండడం నేర్చుకోవడానికే నా ప్రాణం పోయింది. కుమరేశన్‌కు మాత్రం ఏమీ చెప్పొద్దన్నాను. ముందే తెలిస్తే ఆ పారు వదిలేసి ఇంకో పారుకు పోయినా పోతాడు వాడు.

మంచి రోజు చూసుకుని పొద్దున్నే బయలుదేరాం. డైవింగ్ సూటు మీద పట్టుచీర కడతానంటే ప్రియా దండం పెట్టింది. జడలో మల్లెపూలకు మాత్రం ఒప్పుకుంది. పెద్దమ్మ కంచిపట్టు కట్టి, దాని మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, గొడుగు వేసుకుని పడవ ముందు భాగంలో కూర్చుంది. మా ఆయన రేవు దాటకముందే వాంతులు మొదలుపెట్టారు. "ఓర్చుకో అల్లుడా, జంట కిందే లెక్క, జంట కిందే లెక్క" అంటూ పెద్దమ్మ ఆయన వీపు నిమురుతూనే ఉంది.

బయటి పారు దగ్గర ఒడ్డు కనిపించదు. పడవ ఒక అల ఎక్కి, దిగి, ఇంకో అల ఎక్కుతోంది. మా తమ్ముడి పడవ కాస్త దూరంలో ఊగుతోంది. పగడాలకు చిక్కుకున్న పాత వలలు కోసి తీయడానికి కిందికి పోయాడని పడవవాడు చెప్పాడు. ప్రియా నా చెయ్యి పట్టుకుంది. ఇంటి దేవుడికి దండం పెట్టుకుని, నేర్పినట్టే పడవ అంచు మీంచి వెనక్కి నీళ్ళలోకి పడిపోయాను.

లంగరు తాడు పట్టుకుని దిగాం. చెవులు నొప్పెట్టినప్పుడల్లా ముక్కు మూసుకుని ఊదాను. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో పళ్ళెం. నా కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి, అది పైకి పోతుందో కిందికి పోతుందో దానికే తెలియదు. చివరికి ప్రియా నా భుజం తట్టి ముందుకు చూపించింది. మా తమ్ముడు ఒక బండ పక్కన చాకుతో వల కోస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. నన్ను గుర్తు పట్టగానే వాడి దగ్గర్నుంచి బుడగలు గుంపుగా పైకి లేచాయి.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. మూత తీశానో లేదో, తమలపాకులు నన్ను అడగకుండానే పైకి వెళ్ళిపోయాయి. అరటిపళ్ళ మీద చారల చేపలు పడ్డాయి. ఛీ, పో, అని చేత్తో తోలాను. ఒకటి పోతే పది వచ్చాయి. ఎలాగో భరిణె తెరిచి చూశాను కదా, కుంకుమ నల్లగా ఉంది! గుండె ఝల్లుమంది. అంత లోతుకు ఎరుపు రంగు కనిపించదని ప్రియా తర్వాత చెప్పింది. అప్పుడు నాకేం తెలుసు? శుభమా అని పెళ్ళికి పిలుస్తుంటే మసిలాంటి బొట్టు. ఏదైతే అదయిందని వాడి మాస్కుకు పైన, నుదుటి మీద పెట్టేశాను. వాడు కదలకుండా తల వంచి పెట్టించుకున్నాడు. పళ్ళెం చాపాను.

తీసుకోలేదు. చేతులు కట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఒక వేలు చెవి మీద పెట్టుకుని చూపించాడు. పెద్దమ్మ ఒడిలో పెరిగినవాడు కదా, పిలుపు చట్టాలన్నీ వాడికీ కంఠతా వచ్చు.

నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని నీళ్ళ కిందికి దిగి, చేపల చేత తాంబూలం తినిపించి, ఇంకా నోటితో అనాలా? అంటానురా, నాకేం భయమా! రెగ్యులేటర్ పీకేశాను. "ఒరే కుమరేశా, మన ప్రీతిక పెళ్ళికి రారా!" అన్నాను. బుడగలే వచ్చాయి గానీ ఒక్క అక్షరం వదల్లేదు. 'తప్పకుండా' అనబోయేసరికి సముద్రం నోట్లోకి వచ్చేసింది.

ఆ తర్వాత నాకు సరిగ్గా తెలియదు. మా తమ్ముడు మీద పడ్డాడు, రెగ్యులేటర్ నా నోట్లో కుక్కి దాని మీద చెయ్యి అదిమి పట్టుకున్నాడు. గాలి వచ్చింది, దగ్గు వచ్చింది, మళ్ళీ గాలి వచ్చింది. పైకి వచ్చేంతసేపూ నన్ను గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

తల నీళ్ళ పైకి రాగానే మాస్కు లాగేసి అరిచాడు. "నీకేమన్నా పిచ్చా అక్కా! చచ్చిపోయేదానివే!" వాడు ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ముందు అడగాల్సింది అడిగాను. "పిలిచినానా, లేదా?"

మమ్మల్ని పడవలోకి లాగారు. పెద్దమ్మ గొడుగు మడిచి ప్రియాను సాక్ష్యం అడిగింది.

"నోరు తెరిచిందా?"

"తెరిచింది అవ్వా. తెరవొద్దని లక్ష సార్లు చెప్పినా."

"మాట బయటికొచ్చిందా?"

"బుడగలొచ్చినాయి."

"చాలు. మాట వాటిల్లోనే ఉంటుంది. చెల్లింది" అంది పెద్దమ్మ.

"వస్తాలే అక్కా" అన్నాడు కుమరేశన్. మా ఆయన తల ఎత్తి సంతోషంగా నవ్వి, మళ్ళీ పడవ అంచుకు వంగారు. నాకు కొండంత బరువు దిగిపోయింది. ప్రీతిక పీట మీద కూర్చుంటుంది, ఇక నాకేం కావాలి?

వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు. "ఎట్లుండాది?"

"ఏంది?"

"పారు. చూసినావు గదా."

నేను ఆలోచించాను. తాడు చూశాను. పళ్ళెం చూశాను. నల్లటి కుంకుమ చూశాను. ఇంకొకరైతే బ్రహ్మాండంగా ఉందని అనేవారు. నాకు అబద్ధం నోటికి రాదు.

"నేను చూడలేదురా" అన్నాను.

వాడు తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. "సరి. అల లేస్తాండాది, మీరు బయలుదేరండి" అన్నాడు.

వాడి కోపం నేను ఎన్నోసార్లు చూశాను, దానికి నేనెప్పుడూ జంకలేదు. ఆ 'సరి' మాత్రం నాకు గుచ్చుకుంది. వీడు అడిగింది పళ్ళెమూ కాదు, బొట్టూ కాదు. ఇన్నేళ్ళకు నన్ను తన ఇంటికి పిలిచాడు. నేను వచ్చి, గడపలోనే నిలబడి, నా పని చూసుకుని, లోపలికి తొంగి చూడకుండా తిరిగి వచ్చేశాను. పెళ్ళికి వస్తాడు వీడు. వచ్చి, అక్షింతలు వేసి, చుట్టంలా భోంచేసి పోతాడు.

"ప్రియా, ఇంకో సిలిండర్ ఉందా?" అన్నాను.

"ఇంకేమిటికే? వస్తానన్నాడు గదా!" మా ఆయన ఓపిక కూడదీసుకుని అరిచారు.

"పిలుపు అయిపోయిందే. ఇప్పుడు పోతే అది దేని కింద లెక్క?" అంది పెద్దమ్మ.

"దేని కిందా లేదు పెద్దమ్మా. సుమ్మా, ఊరికే పోయొస్తా."

ప్రియా నన్ను చాలాసేపు ఎండలో కూర్చోబెట్టి, ఊపిరి సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక, రెగ్యులేటర్ తీయనని ఒట్టు వేయించుకుని గానీ వదల్లేదు. ఈసారి నా చెయ్యి మా తమ్ముడే పట్టుకున్నాడు. పళ్ళెం పడవలోనే ఉండిపోయింది.

చూశాను. బండల మీద విసనకర్రల్లా పగడాలు. పైన పోతున్న అలకు పారు మీద ఉన్నదంతా ఒక్కసారి ఇటు ఒరిగి, ఒక్కసారి అటు ఒరుగుతోంది. వాటితో పాటు మేమూ. ఇంట్లో నోరు విప్పనివాడు అక్కడ చేతులతో ఆపకుండా మాట్లాడాడు. ఎదురొచ్చిన ప్రతి చేపకూ నన్ను చూపించాడు. నా వైపు వేలు పెట్టి, ఆ చెయ్యి తన గుండెల మీద వేసుకున్నాడు. మా అక్క. బండ సందులో ఉన్న బొద్దు చేపకు, మా అక్క. ముళ్ళన్నీ విప్పుకుని కూర్చున్నదానికి, మా అక్క. పాములా తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నదానికి కూడా. దాన్ని చూస్తే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి, అయినా మర్యాదగా నిలబడ్డాను.

అంతమందితో పరిచయమయ్యాక ఊరికే వచ్చేస్తే ఏం బాగుంటుంది? రెండు చేతులూ జోడించి, ఒక్కొక్కరి వైపూ తిరిగి, అందరినీ పెళ్ళికి పిలిచాను. కుమరేశన్ వాళ్ళందరి తరఫునా తల ఊపాడు.